మండల ప్రజారోగ్య ప్రణాళికలో ఏది ముందు, ఏది తర్వాత: చిత్తూరు, తిరుపతి జిల్లాల నేపథ్యంలో ఒక సమగ్ర మార్గదర్శి

చిత్తూరు జిల్లాలో నేను కొంతకాలం పనిచేసిన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షల యంత్రం ఒకటి ఏడాదికి పైగా తెల్లగుడ్డ కప్పుకుని ఉండేది. యంత్రం బాగానే ఉంది. దానికి కావలసిన రసాయనాలకు ఎవరూ ఇండెంట్ (సరఫరా కోరుతూ పంపే పత్రం) పెట్టలేదు. ల్యాబ్ టెక్నీషియన్‌ను వారానికి నాలుగు రోజులు వేరే చోటికి డిప్యుటేషన్ మీద పంపేవారు. ఆ సంవత్సరం వార్షిక ప్రణాళిక అడిగినప్పుడు మేము పాత ప్రణాళికనే తీసి, అంకెలు కాస్త పెంచి, చివర మరో కొత్త యంత్రం కావాలని చేర్చి పంపాం. ఆ కాగితం మీద సంతకం పెట్టినవారిలో నేనూ ఒకడిని. ప్రాధాన్యాలు ఎలా నిర్ణయించాలో అప్పటికి మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు.

అవసరాలు కొండంత, నిధులు గోరంత అన్న స్థితి మన రెండు జిల్లాలకే పరిమితం కాదు. ఆఫ్రికా దేశాల అధినేతలు 2001లో అబూజాలో సమావేశమై ప్రభుత్వ బడ్జెట్లలో 15 శాతం ఆరోగ్యానికి కేటాయిస్తామని మాట ఇచ్చారు. వాటిలో అత్యధిక దేశాలు ఆ మాట నిలుపుకోలేకపోయాయి. మన జాతీయ ఆరోగ్య విధానం 2017లో, ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచాలని, అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలని రాసుకుంది. గడువు దాటిపోయింది, లక్ష్యం ఇంకా అందలేదు. నిధులు పెరగాలని అడుగుతూనే ఉండాలి. అయితే చేతిలో ఉన్న రూపాయి ఏ పనికి ముందు వెళ్లాలో తేల్చుకోవడం మన బాధ్యత.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) వైద్యాధికారులు, ఎంపీడీవోలు, సర్పంచులు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యులు కలిసి కూర్చుని చేయగలిగేలా ఈ పద్ధతిని వివరిస్తున్నాను. దీని వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: ప్రాధాన్య క్రమం రోగాలకు వేయండి, డబ్బు మాత్రం ఆ రోగాలన్నిటికీ ఉమ్మడిగా అవసరమయ్యే లంకెకు పెట్టండి.

మొదటి అడుగు: ఎంతమంది కోసం ప్రణాళిక వేస్తున్నామో తేల్చుకోవడం

మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ, అలాగే 5,000 లేదా 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే చిక్కు అర్థమవుతుంది. 2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సరిహద్దులే మారిపోయాయి. అందువల్ల ఆశా కార్యకర్తల ఇంటింటి జాబితాలను ఒకచోట చేర్చి మీ లెక్క మీరే వేసుకోవడం మేలు.

ఆ జాబితాలో ఎవరు లేరో కూడా అడగండి. శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు చెరువుగట్ల దగ్గర ఉండే యానాది కాలనీలు, శ్రీసిటీ కర్మాగారాల్లో పనిచేస్తూ సత్యవేడు, వరదయ్యపాళెం చుట్టుపక్కల అద్దెగదుల్లో ఉండే యువతీయువకులు, పనులకోసం వచ్చి క్వారీల దగ్గర గుడిసెలు వేసుకున్న కుటుంబాలు తరచుగా జారిపోతాయి. తిరుపతి నగరానిది మరో సమస్య: ఏ రోజైనా వేలాదిగా వచ్చిపోయే యాత్రికులు ఏ ఆశా జాబితాలోనూ ఉండరు, కానీ వాళ్లు తాగే నీరు, వాళ్లు తెచ్చే జ్వరం నగర ఆరోగ్య కేంద్రాల పనిలో భాగమే.

రెండో అడుగు: మరణాల నుంచి వెనక్కి నడవడం

ఈ అడుగుకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించమని నా మనవి.

ఓపీ రిజిస్టరు గడప దాటి లోపలికి వచ్చినవారి గురించే చెబుతుంది. రానివాళ్ల గురించి అందులో ఒక్క వరుస ఉండదు. మన ప్రాంతంలో దీనికి తోడు సరిహద్దు సమస్య ఒకటి ఉంది. చిత్తూరు, గుడిపాల వైపు వాళ్లు పెద్ద జబ్బు చేస్తే వేలూరు వెళ్తారు. కుప్పం, రామకుప్పం వాళ్లు కోలారుకో బెంగళూరుకో పోతారు. నగరి, సత్యవేడు వాళ్లు చెన్నై దారి పడతారు. ఆ చికిత్స, దానికోసం చేసిన అప్పు, ఒక్కోసారి ఆ మరణం కూడా పక్క రాష్ట్రంలోనే ఉండిపోతాయి. మన నివేదికలు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తాయి.

అందువల్ల గడిచిన ఏడాదిలో మీ పరిధిలో 70 ఏళ్ల లోపు చనిపోయినవారి జాబితాను ఏఎన్‌ఎంల దగ్గరి నుంచి తెప్పించుకుని, దూరపు పల్లెలను తప్పక కలుపుకుంటూ, అందులోంచి ఇరవై మరణాలను ఎంచుకోండి. ప్రతి ఇంటికీ వెళ్లండి. చనిపోయి నెల కూడా కాని ఇంటికి వెళ్లవద్దు. కర్మకాండలు ముగిసి ఇల్లు కాస్త కుదుటపడాలి. ఆ రోగికి వైద్యం చేసిన సిబ్బందిని వెంట తీసుకువెళ్లకండి, వాళ్ల ఎదుట ఎవరూ నిజం చెప్పరు. వెళ్లగానే ఎందుకు చనిపోయారని అడగకుండా, “ఆ రోజు పొద్దున ఎలా ఉన్నారు, అన్నం తిన్నారా?” అని మొదలుపెడితే మిగతాది వాళ్లే చెప్పుకుంటూ పోతారు. మీరు మధ్యలో అడ్డురాకుండా గంటలు మాత్రం రాసుకోండి: ఎన్నింటికి ఒంట్లో బాగాలేదన్నారు, ఎన్నింటికి ఇంట్లోంచి బయలుదేరారు, ఎన్నింటికి ఆసుపత్రి చేరారు, ఎన్నింటికి మొదటి మందు పడింది.

ప్రసూతి మరణాల అధ్యయనంలో తెడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో ప్రతిపాదించిన మూడు ఆలస్యాల పద్ధతి ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. వైద్యానికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది, ఆసుపత్రి చేరడంలో ఆలస్యం రెండోది, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం మూడోది. శేషాచలం అంచున ఎర్రావారిపాలెం వైపు ఒక పల్లెలో, వేరుశనగ చేనులో సాయంత్రం పాముకాటుకు గురైన రైతు మరణాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. గంటసేపు నాటుమందు దగ్గర గడిచింది. మరో గంట వాహనం కోసం పోయింది. రాత్రి ఎనిమిదింటికి ఆరోగ్య కేంద్రం చేరితే అక్కడ విషనివారణ మందు చాలినంత లేక తిరుపతి రుయా ఆసుపత్రికి పంపించారు. ఒక్క మరణమే మూడు వేర్వేరు ఖర్చులను సూచిస్తోంది: గ్రామంలో అవగాహన, వాహనం, ఆరోగ్య కేంద్రంలో మందు. ఒక కాగితం మీద మూడు నిలువు వరుసలు గీసి ఇరవై మరణాలకూ గుర్తులు పెడితే, ఏ వరుస ఎక్కువగా నిండిందో కనిపిస్తుంది. మూడో వరుస నిండిన మండలంలో కొత్త అంబులెన్సు అడిగితే రోగిని మందు లేని చోటికి తొందరగా చేర్చినట్టే అవుతుంది.

ఇరవై అన్నది గణాంకశాస్త్రం దృష్టిలో చిన్న సంఖ్యే. అయినా ఆ ఇరవై గడపలు ఎక్కి దిగిన బృందం సమావేశంలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. వాళ్ల ఎదుట పాత ప్రణాళికను మళ్లీ నకలు చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

మూడో అడుగు: ఆరోగ్య కేంద్రంలో ఏ లంకె తెగిందో చూడటం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆరోగ్య వ్యవస్థను ఆరు భాగాలుగా చూపింది: సేవలు, సిబ్బంది, సమాచారం, మందులు, నిధులు, నాయకత్వం. మండల స్థాయిలో ఈ పేర్లు పలికితే లాభం లేదు, ఒక్కోదాన్నీ చేత్తో ముట్టుకుని చూడగలిగే వస్తువుగా మార్చుకోవాలి. సోమవారం ఉదయం ఓపీ వేళ ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక మరోసారి వెళ్లండి.

విషనివారణ మందు దగ్గర మొదలుపెట్టండి. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ కలిపి పనిచేస్తుంది. మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది సీసాలు. ఐదు సీసాలున్న కేంద్రం నెలవారీ నివేదికలో “మందు ఉంది” అని నిజాయితీగానే రాస్తుంది, కానీ ఒక్క మనిషికి కూడా పూర్తి మొదటి మోతాదు ఇవ్వలేకపోతుంది. ఆ మందు ఒంటికి పడకపోతే వెంటనే ఇవ్వవలసిన అడ్రినలిన్ ఆ పక్కనే ఉందో లేదో చూడండి. తర్వాత గాజు గొట్టం అడగండి. పాము కరిచిన మనిషి రక్తం రెండు మిల్లీలీటర్లు కొత్త, శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిపోతే రక్తపింజర జాతి విషం ఎక్కిందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బునీళ్లతో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. కొద్ది రూపాయల గాజు గొట్టం లేక ప్రాణం మీదికి వచ్చే చోట లక్షల రూపాయల యంత్రానికి ప్రతిపాదన రాయడం ఎంతవరకు న్యాయమో ఆలోచించండి.

టీకాలు నిల్వచేసే ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్ మూత ఎత్తండి. లోపల ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు చూసి పట్టికలో రాయాలి. ఆ పట్టికలో మూడు నెలల పాటు పొద్దునా సాయంత్రం “4” అనే అంకె ఒకే సిరాతో, ఒకే వాలుగా కనిపిస్తే అది ఒక్క పూటలో కూర్చుని నింపిన పట్టిక అని గ్రహించండి. హెపటైటిస్ బి, పెంటావాలెంట్, టీడీ టీకాలు గడ్డకడితే పాడైపోతాయి, కాబట్టి అవి అడుగున ఉండకూడదు. ఇక్కడ లోపం యంత్రానిదా, కరెంటుదా, శిక్షణదా అన్నది తేలితేనే ఖర్చు ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

మందుల లెక్క గుణకారంతో తేలిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే మన రాష్ట్రంలో పెద్దల్లో సుమారు నలుగురిలో ఒకరికి రక్తపోటు సమస్య ఉంది. 30,000 జనాభాలో 3,000 మంది చికిత్సలో ఉన్నారనుకున్నా, రోజుకు ఒక మాత్ర చొప్పున నెలకు 90,000 మాత్రలు కావాలి. మీ ఫార్మసిస్టు పెట్టిన ఇండెంట్ ఎంతో ఒకసారి తీసి చూడండి.

సిబ్బంది విషయంలో మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి అనే రెండు అంకెలతో ఆగిపోకుండా, ఈ వారం నిజంగా డ్యూటీలో ఉన్నవారు అనే మూడో అంకెను కూడా రాయండి. డిప్యుటేషన్ల సంగతంతా రెండో, మూడో అంకెల మధ్య ఉన్న తేడాలోనే ఉంటుంది.

నాలుగో అడుగు: మార్కులు వేయడం

ఇప్పటికి పది పన్నెండు సమస్యలు పోగవుతాయి. వాటికి వరుస కట్టడానికి అమెరికా ప్రజారోగ్య నిపుణుడు హాన్‌లన్ రూపొందించిన పద్ధతి తేలికైనది. సమస్య ఎంతమందిని తాకుతోంది, ఎంత తీవ్రమైనది, మన చేతిలో ఉన్న చికిత్స ఎంతవరకు పనిచేస్తుంది అన్న మూడింటికీ పదికి మార్కులు వేస్తారు. తీవ్రతను రెట్టింపు చేసి మొదటిదానికి కలిపి, వచ్చినదాన్ని మూడోదానితో గుణిస్తారు.

కొండ అంచున ఉన్న ఒక మండలాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం; ఈ మార్కులు అభ్యాసం కోసమే. రక్తపోటుకు 9, 6, 7 వేస్తే 147 వస్తుంది. పాముకాటుకు 2, 10, 8 వేస్తే 176. పొదల్లో ఉండే చిగ్గర్ మైట్ అనే చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి 3, 7, 8 వేస్తే 136. గర్భిణుల రక్తహీనతకు 7, 6, 7 వేస్తే 133. బాగా ముదిరిన క్యాన్సర్‌కు మండల స్థాయిలో చేయగలిగే చికిత్సకు 2, 9, 2 వేస్తే 40 మాత్రమే. క్యాన్సర్ చిన్న జబ్బని దీని అర్థం కాదు. ఆ పని మండలం చేయవలసినది కాదని, తొందరగా గుర్తించి పై ఆసుపత్రికి చేర్చడమే మండలం పని అని అర్థం. 147, 136, 133 మధ్య తేడాను పట్టించుకోవద్దు. ఆ మూడూ ఒకే మెట్టు మీద ఉన్నాయని రాసుకోండి. ఇంత చిన్న తేడాల మీద వాదించుకోవడం కాలహరణం.

మార్కులు వేసే బృందంలో వైద్యాధికారితో పాటు ఒక ఏఎన్‌ఎం, ఒక ఆశా కార్యకర్త, ఒక వార్డు సభ్యురాలు, ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. చర్చకు ముందే ఎవరి కాగితం మీద వాళ్లు మార్కులు రాయాలి. లేకపోతే డాక్టరుగారు చెప్పిన అంకెకే అందరూ తల ఊపుతారు. నేను చూసిన ఒక సమావేశంలో రక్తహీనతకు వైద్యులు వేసిన మార్కులకు, ఆశా కార్యకర్తలు వేసిన మార్కులకు పొంతన లేదు; ఐరన్ మాత్రలు ఇంట్లో అటక మీదికి చేరుతున్నాయని వాళ్లకే తెలుసు.

పాత ప్రాధాన్యాలను దించడం కూడా ఈ అడుగులో భాగమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అదే సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ఆసుపత్రి కాన్పులు పెంచాలన్న లక్ష్యం దాదాపు నెరవేరింది, ఇప్పుడు చూడవలసినది ఆ ఆసుపత్రిలో ఏం జరుగుతోందన్నది. అయినా ఆ పాత లక్ష్యం ప్రణాళికల మొదటి పేజీ నుంచి కదలడం లేదు.

ఐదో అడుగు: ఉమ్మడి లంకెను పట్టుకోవడం

పైన ఎక్కువ మార్కులు వచ్చిన నాలుగు సమస్యలను పక్కపక్కన పెట్టండి. పాముకాటుకు రాత్రివేళ నర్సు, నిల్వలో మందు కావాలి. స్క్రబ్ టైఫస్‌కు పురుగు కుట్టినచోట ఒంటి మీద ఏర్పడే నల్లటి పెచ్చు కోసం వెతికే చూపు, చవకగా దొరికే డాక్సీసైక్లిన్ మందు, పరీక్షకు ల్యాబ్ టెక్నీషియన్ కావాలి. రక్తపోటుకు తెగకుండా వచ్చే మాత్రలు కావాలి. రక్తహీనతకు సరిగా హిమోగ్లోబిన్ చూసే చేయి, మందు, ఇంటికి వెళ్లి పలకరించే మనిషి కావాలి. వెరసి నాలుగింటికీ కావలసినవి మూడే: మందుల నిల్వ తెగకపోవడం, ల్యాబ్ రోజూ తెరిచి ఉండటం, రాత్రి డ్యూటీ ఖాళీగా లేకపోవడం. నాలుగు రోగాలకు నాలుగు ప్రత్యేక కార్యక్రమాలు పెట్టి, నాలుగు రిజిస్టర్లు, నాలుగు శిక్షణలు, నాలుగు బ్యానర్లు తయారుచేసే కంటే ఈ మూడింటిని బాగుచేయడం మేలు.

ఈ మాట మన దేశ మలేరియా చరిత్ర నుంచి నేర్చుకున్నదే. 1953లో నియంత్రణ కార్యక్రమంగా మొదలై 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారిన ఆ కృషి 1965 నాటికి కేసులను లక్ష వరకు దించింది. 1976లో అవి మళ్లీ 64 లక్షలు దాటాయి. దోమలు మందుకు లొంగకపోవడం ఒక కారణం, నిధులు తగ్గడం మరో కారణం. కానీ పిచికారీ బృందాలు వెళ్లిపోయాక ఊళ్లలో జ్వరాలను కనిపెట్టుకుని ఉండవలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు చాలాచోట్ల సిద్ధంగా లేకపోవడం అంతకు తక్కువ కారణమేమీ కాదు.

దీనికి భిన్నంగా థాయిలాండ్ 1982–86 ప్రణాళిక కాలంలో నగర ఆసుపత్రులపై కొత్త పెట్టుబడులు ఆపి ఆ డబ్బును గ్రామీణ జిల్లా ఆసుపత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు మళ్లించింది. ఆ పునాది ఉండబట్టే 2002లో అందరికీ వైద్యం అన్న పథకాన్ని అమలుచేయగలిగింది. మన పక్కనే ఉన్న తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను స్థాపించి, ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఒక పాస్‌బుక్ ఇచ్చి, తన కేటాయింపులో ఏ మందు ఎంత తీసుకోవాలో కేంద్రమే నిర్ణయించుకునే వీలు కల్పించింది.

ఆరో అడుగు: జనం మాట వినడం

గ్రామసభలో ఏం కావాలని అడిగితే ముప్పై పడకల ఆసుపత్రి అంటారు. అది తప్పు కోరిక కాదు, ప్రశ్న సరిగా లేదు. “రాత్రి పదింటికి పిల్లకు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్తారు? వెళ్తే అక్కడ ఎవరుంటారు? కిందటిసారి ఎంత ఖర్చయింది?” అని అడిగితే అసలు అవసరం బయటపడుతుంది. డ్వాక్రా సంఘాల సమావేశంలో మహిళలతో విడిగా, యానాది కాలనీలో వాళ్లతో విడిగా మాట్లాడండి. గ్రామసభలో వాళ్లు చివరి వరుసలో నిలబడి మాట్లాడకుండానే వెళ్లిపోతారు. రెండు పనులకు సమాన మార్కులు వచ్చినప్పుడు రోడ్డుకు దూరంగా ఉన్న ఊరికి మేలుచేసేదే ముందు అని ఒక నియమం పెట్టుకోవడం ధర్మం.

ఏడో అడుగు: ఏ పనికి ఏ నిధి

గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల నిధికి వీలుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా 70,051 కోట్ల రూపాయల ఆరోగ్య గ్రాంట్లను సిఫారసు చేసింది. ఆరోగ్యం పంచాయతీ పని కూడా అన్న గుర్తింపు అందులో ఉంది. చిన్న నిధిని గాజు గొట్టాలు, ఇన్వర్టర్ బ్యాటరీ, కిటికీ జాలీల వంటి చిన్న అడ్డంకులకే వాడండి. పోస్టుల భర్తీ, మందుల సరఫరా వంటివి జిల్లా, రాష్ట్ర స్థాయి పనులు కాబట్టి, వాటికోసం ఇరవై మరణాల కాగితాన్ని జతచేసి జిల్లా వైద్య, ఆరోగ్యాధికారికి (డీఎంహెచ్‌వో) రాయండి.

ఎవరైనా దాత కొత్త భవనం కట్టిస్తామన్నప్పుడు ఆనందంతో ఒప్పుకునే ముందు, పదేళ్లపాటు అందులో పనిచేసేవారి జీతం, కరెంటు బిల్లు, మందుల ఖర్చు ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి.

తర్వాత, ఈ ఏడాది చేయబోని పనుల జాబితాను కారణాలతో సహా ఒక పేజీలో రాసి గ్రామసభలో చదవండి. దీన్ని చాలామంది దాటవేస్తారు, నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. రాయకుండా వాయిదా వేసిన పని ఏడాది మధ్యలో పలుకుబడి ఉన్నవారి చేత మళ్లీ పైకి వస్తుంది, అనుకున్న పని డబ్బును అది తీసుకుపోతుంది.

ఎనిమిదో అడుగు: నెలనెలా చూడవలసిన నాలుగు అంకెలు

సూచికలు నాలుగైదు మించవద్దు. రక్తపోటు మాత్రలు లేని రోజులు ఎన్ని, రాత్రి నర్సు లేని రోజులు ఎన్ని, ల్యాబ్ మూసి ఉన్న పనిదినాలు ఎన్ని, పాముకాటు రోగి ఆరోగ్య కేంద్రం గడప దాటినప్పటి నుంచి మొదటి సీసా ఎక్కేదాకా ఎన్ని నిమిషాలు అన్నవి మనం పైన ఊహించుకున్న మండలానికి చాలు. ఒక్కో అంకె పక్కన బాధ్యుడి హోదా, గడువు తేదీ రాయండి. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి బీపీ చూశాం అన్న అంకెలను వీటిలో చేర్చవద్దు. ఎంతమంది బీపీ అదుపులోకి వచ్చిందన్నదే లెక్క.

మొదటి సమీక్షను సెప్టెంబరు చివరిలో పెట్టుకోండి. మన జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. డెంగీ, స్క్రబ్ టైఫస్ జ్వరాలు పెరిగేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో ఊళ్లు ఖాళీ చేసిన సంగతి మరువరాదు. వర్షాలకు ముందే డాక్సీసైక్లిన్, సెలైన్, క్లోరిన్ నిల్వలు చూసి, రోడ్డు తెగే ఊళ్లలోని నెలలు నిండిన గర్భిణుల జాబితాను ఏఎన్‌ఎంలతో సిద్ధం చేయించండి. ఏడాది గడిచాక, వాయిదా వేసిన పనుల పేజీని ముందు పెట్టుకుని, మరో ఇరవై ఇళ్లకు బయలుదేరండి.